ఒక గరిటె అన్నం

2022 డిసెంబరులో మా కళాశాల విద్యార్థులను నలభైమందిని వెంటబెట్టుకొని ఉదయగిరి దుర్గం చూపడానికి వెళ్ళాను. ఆముక్తమాల్యద పాఠం చెప్పేవానికి ఆ కొండ కన్న మంచి వ్యాఖ్యానం మరొకటి లేదు. ఆ కావ్యకర్త కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి సాగించి, 1514లో గజపతుల నుండి గెలుచుకొన్నది ఆ దుర్గాన్నే. అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి కొనిపోయి, గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఈ సంగతులన్నీ కొండపైన ఆ శిథిలాల నడుమ నిలుచుండి చెప్పవలెనని నా ముచ్చట. రాత్రి కూర్చుండి పది పుటల వ్రాతప్రతి కూడా సిద్ధం చేసుకొన్నాను.

పిల్లలు మేకపిల్లల వలె ముందుకు సాగిపోయారు. నేను మూడోవంతు దూరం ఎక్కేసరికి గుండె డప్పు కొట్టసాగింది. మోకాళ్ళు మొరాయించాయి. ఒక బండమీద కూలబడి, వ్రాతప్రతిని ఒక విద్యార్థిని చేతికిచ్చి, "పైన నీవు చదివి వినిపించమ్మా" అన్నాను. ఆ పిల్ల పైన చదివింది. నేను కింద బండమీద కూర్చుండి వాళ్ళ రాకకోసం ఎదురుచూశాను. దిగివచ్చిన తరువాత ఒక కుర్రవాడు, "మీరు చెప్పి ఉంటే ఇంకా బాగుండేది సార్" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఎందుకంటే ఆ కొండ నాకు పరాయి కొండ కాదు. దానికి కనుచూపు మేరలో ఉన్న ఒక మెట్టపల్లెలో పుట్టాను. పన్నెండేండ్ల వయసులో మేకల వెంట చెప్పులు లేని కాళ్ళతో ఆ బండలు ఎక్కి దిగినవాణ్ణి. అప్పటి ఆ పిల్లవానికీ, ఇప్పటి ఈ తెలుగు అధ్యాపకునికీ నడుమ ఏమి అడ్డువచ్చిందని ఆ బండమీదనే ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఒకటే సమాధానం తోచింది. అడ్డువచ్చింది అన్నం.

అన్నం పరబ్రహ్మ స్వరూపమని నేర్చుకొన్న పాఠకులు ఈ మాటకు చిన్నబుచ్చుకోవచ్చు. కనుక కొంచెం వెనుకకు వెళ్ళి చెప్పవలసి ఉన్నది.

నెల్లూరు అనగానే చాలమందికి వరి గుర్తుకు వస్తుంది. మొలగొలుకుల బియ్యం గుర్తుకు వస్తుంది. నెల్లు అంటే వరి కనుక నెల్లూరు వరి పండే ఊరు అయిందని కొందరు చెబుతారు. నెల్లి అంటే ఉసిరిక కనుక ఉసిరిక చెట్టువల్ల ఆ పేరు వచ్చిందని మరికొందరి వాదం. పెన్న దిగువ మాగాణి వారికి మొదటి అర్థం నచ్చుతుంది. పడమటి మెట్టవారమైన మా బ్రతుక్కు రెండోదే సరిపోయేది. మా ఇంట రోజూ ఉండేది జొన్నసంగటి, సజ్జరొట్టె, కొర్రకూడు. వరియన్నం పండుగకు, పెళ్ళికి, చుట్టం వచ్చినప్పుడు, జ్వరపడి లేచినప్పుడు. పలనాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు చెప్పేటప్పుడు తరగతి అంతా నవ్వుతుంది. సన్నబియ్యం దొరకని ఆ మహాకవి బాధ వాళ్ళకు వేడుక. ఆ జొన్నకూటిమీదనే పెరిగినవాణ్ణి కనుక నాకు మాత్రం నవ్వు రాదు.

1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అప్పుడు నాకు పదమూడేండ్లు. ఒకనాటి సాయంకాలం బడినుండి వచ్చేసరికి మా అమ్మ వరియన్నం వండి ఉన్నది. "ఈ పొద్దు ఏం పండగమ్మా?" అని అడిగాను. "పండగ గాదు నాయనా, ఇంక రోజూ ఇదే" అన్నది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కనిపించిన వెలుగును, నాకు ఉద్యోగం వచ్చిననాడు కూడా చూడలేదు. ఆమె వరికోతలకు కూలికి పోయి వచ్చేది. ఇతరుల ఇండ్లకు పోయే ధాన్యాన్ని చేతులతో కోసి, తన పిల్లలకు జొన్నకూడు పెట్టిన మనిషి. తెల్లని అన్నం ఆమె దృష్టిలో కేవలం ఆహారం కాదు. తన పిల్లలు ఒక మెట్టు పైకి ఎక్కినారనడానికి సాక్ష్యం.

ఆ సాక్ష్యాన్ని మేము నలభై ఏండ్లపాటు మూడు పూటలా సమర్పించాము. మా అన్న ఉపాధ్యాయుడయ్యాడు. నేను ఎం.ఏ. చదివి అధ్యాపకుణ్ణయి ఆత్మకూరులో స్థిరపడ్డాను. ఉదయం ఇడ్లీలో, దోసెలో, లేక తాలింపు వేసిన రాత్రి అన్నమో. మధ్యాహ్నం కంచం నిండా అన్నం. రాత్రి మళ్ళీ అన్నం. కొడవలి పట్టిన చేతులు సుద్దముక్క పట్టుకొన్నవి గాని, కూటి పరిమాణం మాత్రం కోతకూలీల పరిమాణంగానే నిలిచిపోయింది. పొలంలో పగలంతా వంగి పనిచేసే మనిషికి ఆ అన్నం చెమటగా మారిపోతుంది. కుర్చీలో కూర్చుండి జవాబుపత్రాలు దిద్దేవానికి అది ఎక్కడికి పోవాలి? నడుము చుట్టూ చేరింది.

2022 వేసవిలో మా అన్న కాలికి చిన్న పుండు పుట్టింది. ఆయనకు పన్నెండేండ్లుగా మధుమేహం ఉన్నది. చెప్పు కరిచిందని ఊరకున్నాడు. ఆ ఊరక ఉండడం రెండు వేళ్ళు తీసివేయడందాకా వచ్చింది. ఆసుపత్రి మంచంమీద ఆయన నాతో అన్న మాట ఒకటే: "నువ్వన్నా చూసుకోరా." అప్పుడు సరేనన్నాను. ఇంటికి వచ్చి కంచం నిండా అన్నం తిన్నాను. ఉదయగిరి బండమీద కూర్చున్నప్పుడు గాని ఆ మాట మళ్ళీ నా చెవిలో పడలేదు.

కొండ దిగివచ్చిన మరునాడు బరువు చూసుకొన్నాను. వైద్యుని దగ్గరకు పోవడానికి సిగ్గుపడి, మేము బియ్యం కొనే వర్తకుని కాటా ఎక్కాను. అది 92 కిలోలు చూపింది. ఆ వర్తకుడు హాస్యప్రియుడు. "మాస్టారూ, నాలుగు బస్తాలకు ఎనిమిది కిలోలు తక్కువ" అన్నాడు. అవి పాతిక కిలోల బస్తాలు. లెక్క తప్పలేదు. 2023 జనవరిలో రక్తపరీక్ష చేయించాను. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ అనే పరీక్షలో 6.3 వచ్చింది. 5.7 దాటితే మధుమేహానికి ముందు దశ, 6.5కు చేరితే మధుమేహం. ముందు దశ దాదాపు గడిచిపోయి గడప దగ్గర నిలుచున్నానన్నమాట. ఈ గడప దగ్గర నేను ఒంటరిగా లేను. భారత వైద్య పరిశోధన మండలి సహాయంతో సాగిన దేశవ్యాప్త పరిశీలన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉన్నదనీ, 13.6 కోట్లమంది దాని ముందు దశలో ఉన్నారనీ వాటివల్ల తెలిసింది.

వైద్యుడు నన్ను మందుల సంగతి కాక, అన్నం సంగతి అడిగాడు. ఇంటికి వచ్చి మా ఆవిడతో కలిసి లెక్క వేశాను. నా వంతుకు రోజుకు సుమారు 400 గ్రాముల బియ్యం పడుతున్నది. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాములు పిండిపదార్థమే. అంటే అన్నం, ఇడ్లీ, దోసెల రూపంలోనే మూడువందల గ్రాములకు పైగా పిండిపదార్థం. దానికి తోడు మూడు కాఫీలలో ఆరు చెంచాల చక్కెర. పప్పు, కూర ఆ అన్నాన్ని మింగడానికి కావలసిన తడి మాత్రమే. మనలో చాలమంది కంచాలు ఇట్లే ఉన్నవి. 2025లో వెలువడిన మరొక పరిశీలన ప్రకారం భారతీయుల ఆహారశక్తిలో సగటున 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నది.

పిండిపదార్థం తగ్గిస్తే ఒళ్ళు తగ్గుతుందనే ఆలోచన కొత్తది కాదు. విలియం బాంటింగ్ అనే ఆయన లండన్ నగరంలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వృత్తిలో ఉండేవాడు. 1862లో ఆయన బరువు 202 పౌండ్లు, అంటే సరిగా నా వలెనే 92 కిలోలు. మెట్లు దిగవలసివస్తే మోకాళ్ళకు భయపడి వెనుకకు తిరిగి దిగేవాడు. విలియం హార్వే అనే వైద్యుడు ఆయన చేత రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మాన్పించాడు. ఏడాదిలో 46 పౌండ్లు తగ్గి, 1863లో ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి ప్రజలకు పంచాడు. ఉదయగిరి బండమీద కూర్చున్నవానికి ఆ మెట్ల సంగతి చదివినప్పుడు కలిగిన ఓదార్పు ఇంతా అంతా కాదు.

ఇంకా వెనుకకు పోతే మన చరకసంహిత ఉన్నది. దాని సూత్రస్థానంలోని 21వ అధ్యాయం అతిస్థూలులను గూర్చీ, అతికృశులను గూర్చీ విచారిస్తుంది. స్థూలులకు యవలు, శ్యామాకం, కోద్రవం, పెసలు, ఉలవలు హితమని అందులో ఉన్నది. కోద్రవమంటే మన మెట్టపొలాల ఆరికే. వ్యాయామంతో పాటు చింతనను కూడా ఒళ్ళు తగ్గే ఉపాయాలలో చేర్చారు. ఉపాధ్యాయులు ఈ చివరి మాటకు సంతోషించవచ్చు గాని, చింతన ఒక్కటే చాలదని నా దేహమే రుజువు చేసింది.

మన కాలంలో 2017, 2018 సంవత్సరాలలో తెలుగునాట ఈ చర్చ ఇల్లిల్లూ ముట్టింది. ధాన్యాలను పూర్తిగా మాని, కొబ్బరినూనె, నిమ్మరసం, విరివిగా నీళ్ళు తీసుకొనే పద్ధతిని వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేశారు. ఆయన సభలకు జనం విరగబడి వెళ్ళేవారు. ప్రొద్దుటూరు ప్రాంతంలో పుట్టి మైసూరులో స్థిరపడిన డాక్టర్ ఖాదర్ వలి గారు కొర్రలు, అండుకొర్రలు, ఆరికలు, సామలు, ఊదలు తినవలసిందని ఊరూరా బోధించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ సంవత్సరాన్నే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మా చిన్ననాటి పేదకూటికి ఒక్కసారిగా పెద్దపీట పడింది.

ఇందులోని కిటుకేమిటో ముట్టడి కథతోనే మా విద్యార్థులకు చెబుతుంటాను. దేహం ఒక కోట. అందులో కొవ్వు నిండిన గాదెలు ఉన్నవి. బయటినుండి ధాన్యపు బండ్లు రోజుకు మూడుసార్లు వస్తున్నంతకాలం ఆ గాదెలు తెరవవలసిన అవసరం ఎవరికి? పైగా అన్నం అరిగి రక్తంలో చక్కెర పెరిగినప్పుడెల్లా క్లోమం నుండి ఇన్సులిన్ విడుదల అవుతుంది. చక్కెరను కణాలలోకి పంపడం, మిగిలినదానిని నిల్వచేయడం, ఉన్న కొవ్వును కరగనీయకుండా కాపాడడం దాని పని. బండ్ల రాక తగ్గితే ఆ కాపలా సడలుతుంది, గాదెలు తెరుచుకొంటాయి. అయితే ఒక దారి మూసి మరొక దారిన నూనెను, మాంసాన్ని మితం లేకుండా పంపితే ఏ గాదే తరగదు. మొత్తంమీద లోపలికి వచ్చేది తగ్గవలసిందే. పిండిపదార్థం తగ్గించి, మాంసకృత్తులూ కూరలూ పెంచితే ఆకలి త్వరగా అణుగుతుంది. కనుక తక్కువ తినడం సుళువవుతుంది. నా అనుభవంలో దీని బలమంతా ఇక్కడనే ఉన్నది.

2023 ఫిబ్రవరి మొదటి తేదీన అన్నం, ఇడ్లీ, దోసె, చక్కెర అన్నీ ఒక్కసారిగా మానివేశాను. ఎవరి పద్ధతినీ పూర్తిగా అనుసరించలేదు. నాలుగు చోట్ల విన్నవి కలిపి నా సొంత వ్రతం ఒకటి కల్పించుకొన్నాను. వైద్యునితో ఒక్కమాట చెప్పలేదు. చదువుకొన్నవాని అహంకారం అటువంటిది. మొదటివారంలో మూడు కిలోలు తగ్గాను. బియ్యం వర్తకునికి చెప్పుకొని పొంగిపోయాను. అది కొవ్వు కాదనీ, చాలవరకు నీరేననీ తరువాత తెలిసింది. కాలేయంలో, కండరాలలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే చక్కెర తనతోపాటు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నిల్వ ఖర్చు అయినప్పుడు నీరూ పోతుంది.

రెండో వారంలో తలనొప్పి, నిస్సత్తువ, మలబద్ధం. ఇవన్నీ తపోవిఘ్నాలని భరించాను. ఫిబ్రవరి చివర ఒకనాడు పాఠం చెబుతూ ఉండగా నల్లబల్ల మీది అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. బల్ల అంచు పట్టుకొన్నాను గాని నిలువలేకపోయాను. కళ్ళు తెరిచేసరికి విద్యార్థులు చుట్టూ ఉన్నారు. కొండమీద నా వ్రాతప్రతి చదివిన పిల్లే నా ముఖాన నీళ్ళు చల్లుతున్నది.

వైద్యుడు నా మాట వింటూ నవ్వలేదు. నేను ఆరేండ్లుగా రక్తపోటుకు మాత్ర వేసుకొంటున్నాను. పిండిపదార్థం బాగా తగ్గించినప్పుడు దేహం ఉప్పునూ నీటినీ ఎక్కువగా విడుస్తుంది; రక్తపోటు దానంతట అదే తగ్గుతుంది. మాత్ర మాత్రం పాత మోతాదులోనే పడుతున్నది. రెండూ కలిసి నన్ను పడదోశాయి. "తప్పు ఆహారానిది కాదు మాస్టారూ, నాకు చెప్పకపోవడానిది" అన్నాడాయన. మాత్ర మోతాదు తగ్గించాడు. కూరలు పెంచమన్నాడు, మజ్జిగలో ఉప్పు వేసుకొని తాగమన్నాడు. "పూటకు కాస్త అన్నం తిన్నా కొంపలు మునగవు" అని కూడా అన్నాడు. మొదటివి అన్నీ విన్నాను. చివరి మాట మాత్రం చెవికెక్కలేదు. అన్నం ముట్టనని నలుగురితో చెప్పుకొన్నవాణ్ణి. ఎట్లా వెనుకకు తగ్గడం?

నిజం చెప్పవలెనంటే పొట్ట ఆకలికన్న నలుగురి మర్యాదలే నన్ను ఎక్కువ కష్టపెట్టాయి. పెళ్ళిలో వడ్డించేవాడు విస్తరిముందు నిలిచి, "ఏం సార్, మా అన్నం పనికిరాదా?" అంటాడు. తోటి అధ్యాపకులు "రోగమా?" అని గుసగుసలాడుతారు. తెలుగువానికి భోజనమంటే అన్నమే, పలకరింపే "అన్నం తిన్నావా?" అని గదా. రాయలవారే ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వైష్ణవులకు ఏ ఋతువులో ఏమి వడ్డించాడో ఎంతో ఆదరంతో వర్ణించాడు. వడ్డించినదానిని వద్దనడం మన సంప్రదాయంలో మనిషినే వద్దనడం.

2023 మార్చి 22న ఉగాది. ఆచారం ప్రకారం అందరం మా అమ్మ దగ్గరకు ఉదయగిరి ప్రక్క పల్లెకు వెళ్ళాము. ఆమెకు అప్పటికి ఎనభై దగ్గరపడింది. మా అన్నకు, నాకు కంచాలు పెట్టి పొగలు గక్కే అన్నం వడ్డించింది. నేను పప్పు, బీరకాయ కూర తిని అన్నం ప్రక్కకు నెట్టాను.

"ఏంది నాయనా, కూడు అట్టనే ఉండాదే? కూర బాగలేదా?"

"బాగుందమ్మా. నేను అన్నం మానుకొన్నాను."

ఆమెకు ముందు అర్థం కాలేదు. మా ఆవిడ విప్పి చెప్పింది. అప్పుడు ఆమె గరిటె గిన్నెలో పెట్టి, నా ముఖం వైపు చూసి మెల్లగా అన్నది: "మీకు వరికూడు పెట్టాలని ఎన్ని కోతలకు పొయ్యినానో నీకు దెలుసు. ఇప్పుడు నా చేతి కూడు వద్దంటావా?"

నాకు మాట రాలేదు. ముప్పై ఏండ్లుగా కావ్యాలు వివరించి చెప్పే నోరు అది. పిండిపదార్థాల లెక్కలు, బాంటింగ్ కథ, చరకుని అధ్యాయం, ఏదీ ఆ ప్రశ్నకు సమాధానం కాదు. నిశ్శబ్దంలో మా అన్న లేచాడు. కాలి మేజోడు తీసి, వేళ్ళు లేని పాదాన్ని ఆమె ముందు పెట్టి, "అమ్మా, వాణ్ణి పోరొద్దు. నన్ను చూడు" అన్నాడు. ఆమె ఆ పాదాన్ని చేతితో తాకింది. ఆ పూట ఎవ్వరమూ ఇక మాట్లాడలేదు. బొబ్బట్లు అట్లే మిగిలిపోయాయి.

నెల గడిచిన తరువాత మళ్ళీ వెళ్ళాను. అమ్మ నన్ను కూర్చోబెట్టి, కంచంలో ముందు గోరుచిక్కుడు కూర గుట్టగా పెట్టింది. ప్రక్కన సోమశిల చేపల పులుసు. ఆ తరువాత కొంగు చాటునుండి ఒక చిన్న చెక్క గరిటె తీసింది. ఉదయగిరిలో అడవికర్రతో చేతిపనివారు చెంచాలు, గరిటెలు చెక్కుతారు. ఆ పనితనానికి ఊరికి పేరున్నది. ప్రత్యేకంగా అడిగి చిన్నది తెప్పించిందట. "దీంతో ఒక్క గరిటె పెడతా. వద్దనగాకు. రెండోది నువ్వడిగినా పెట్టను" అన్నది.

తిన్నాను. నా వ్రతం భంగమైంది, ప్రాణం కుదుటపడింది. వైద్యుడు చెప్పినా వినని మాట ఆ గరిటె విన్పించింది. ఇంటికి తెచ్చుకొని తూచి చూశాను. దానికి 80 గ్రాముల అన్నం పడుతుంది. అందులో పిండిపదార్థం 22 గ్రాములు మించదు. ఏ శాస్త్రం చదవని ఆమె నాకు సరిపోయిన కొలత కనిపెట్టింది.

అప్పటినుండి నా భోజనం ఇట్లా స్థిరపడింది. ఉదయం రెండు కోడిగుడ్లు, ఏదో ఒక కూర. మధ్యాహ్నం రెండు రకాల కూరలు, పప్పు, ఆ గరిటెతో ఒక గరిటె అన్నం, మజ్జిగ. సాయంకాలం గుప్పెడు ఉడికించిన వేరుసెనగకాయలు. రాత్రి చేపో, కోడికూరో, ఆకుకూరో. మరొక గరిటె అన్నం. కాఫీలో చక్కెర లేదు. పప్పులోనిది, కూరలలోనిది కలిపినా పిండిపదార్థం రోజుకు వంద గ్రాములకు కాస్త ఇటు అటుగా ఉంటుంది. పూర్వం వరియన్నంలో కూర కలుపుకొనేవాణ్ణి. ఇప్పుడు కూరలో అన్నం కలుపుకొంటున్నాను. మార్పంతా ఈ ఒక్క వాక్యమే.

మా అమ్మ మరొక ఉపాయం కూడా చెప్పింది: "అన్నం వద్దంటే జొన్నసంగటి తిను." ఇక్కడ చాలమంది పొరబడుతున్నారు కనుక ఒకమాట చెప్పాలి. చిరుధాన్యాలలో పీచు ఎక్కువ. అవి నెమ్మదిగా అరుగుతాయి. నమలడానికి ప్రొద్దు పడుతుంది. ఆ విధంగా మేలైనవే. కాని వంద గ్రాముల జొన్నలలో సుమారు 68 గ్రాములు, రాగులలో 67, సజ్జలలో 62 గ్రాములు పిండిపదార్థమే. మా పెద్దలు సంగటి తిని సన్నగా ఉన్నది కేవలం సంగటి మహిమ కాదు. దాని వెనుక పగలంతా చేసిన కష్టం ఉన్నది, అది కూడా చాలీచాలకుండా దొరికిన పేదరికం ఉన్నది. వాళ్ళ ఆకలిని ఆరోగ్యమని పొగడడం న్యాయం కాదు. సంగటి ముద్దనైనా గరిటెతోనే కొలుచుకోవాలి.

పదకొండు నెలలలో 15 కిలోలు తగ్గి, 2024 జనవరిలో 77కు వచ్చాను. హెచ్‌బీఏ1సీ 5.6కు దిగింది. ఆ నెలలోనే విద్యార్థులతో మళ్ళీ ఉదయగిరి దుర్గం ఎక్కాను. రెండు చోట్ల ఆగాను గాని కూర్చుండిపోలేదు. కొండమీది మసీదు దగ్గర నిలిచి, వ్రాతప్రతి లేకుండానే, ముట్టడి కథ చెప్పాను. నా గొంతుకు ఎక్కడా ఆయాసం అడ్డురాలేదు.

ఇది విజయగాథ అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ఆ తరువాతి మామిడిపండ్ల కాలంలో రెండు కిలోలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు 79 దగ్గర ఉన్నాను. భారతీయులకు చెప్పిన కొలతల ప్రకారం నా ఎత్తుకు ఇది ఇంకా ఎక్కువే. ఈ దారి ఒక్కటే దారి అని కూడా అనలేను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 609 మందిని రెండు వర్గాలు చేసి, ఒకరికి కొవ్వు, మరొకరికి పిండిపదార్థం తగ్గించి ఏడాదిపాటు పరిశీలించారు. 2018లో ఫలితం ప్రకటించారు. రెండు వర్గాల తగ్గుదలలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. ఎవరు ఏ నియమాన్ని ఏండ్ల తరబడి నిలుపుకోగలరో, వారికి అదే మంచి నియమం. నాకు ఇది నిలిచింది. ఆ నిలవడం కూడా పూర్తిగా మానినప్పుడు కాదు, ఒక గరిటె మిగుల్చుకొన్నప్పుడు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మన వృత్తి నిలుచుండి చేసేదే అయినా చెమట పట్టించేది కాదు. నలభై దాటిన తరువాత ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించుకోండి. మధుమేహానికో, రక్తపోటుకో మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా అన్నం తగ్గించవద్దు. ఇన్సులిన్ తీసుకొనేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నాకు నల్లబల్ల అంచైనా చేతికి అందింది, అందరికీ అందకపోవచ్చు. విద్యార్థులు దీనిని అసలే అనుకరించకూడదు. ఎదిగే వయసువారికి కావలసింది నిండు భోజనం, ఆట. తెల్లన్నం కుప్ప కొంచెం తగ్గి, దాని ప్రక్కన గుడ్డు, పప్పు, ఆకుకూర పెరిగితే వారికి చాలు.

మా అన్న కూడా ఇప్పుడు గరిటె లెక్క పాటిస్తున్నాడు. పోయిన వేళ్ళు రావు. ఉన్న పాదం నిలిచింది. అమ్మ ఆయనకు కూడా ఒక గరిటె తెప్పించింది. రెండూ ఒకే మేకుకు వ్రేలాడుతుంటాయి. పండుగకు వెళ్ళినప్పుడు ఎవరి గరిటెతో వారికి వడ్డిస్తుంది.

ఇన్నాళ్ళలో రెండో గరిటె ఎన్నడూ అడగలేదని చెబితే అది అబద్ధమవుతుంది. చేపల పులుసు కుదిరిననాడు అడిగాను. ఆమె పెట్టలేదు.